జిరాక్స్ వెనుక ఒక పేటెంట్ ఉద్యోగి

రేపు ఉదయం పదింటికి ఇంటర్వ్యూ అనుకోండి. ఈ రాత్రి మీరు ఎక్కడుంటారో నేను చెప్పేస్తాను. వీధి చివరి జిరాక్స్ షాపులో. టెన్త్ మెమో, ఇంటర్ మెమో, ప్రొవిజనల్, ఆధార్... అన్నీ రెండేసి సెట్లు. షాపాయన మెషిన్ ట్రే లాగి, కొత్త కాగితాల కట్ట తీసి, చేత్తో ఒకసారి బాగా విదిలించి, అంచులు సరిచేసి లోపల పెడతాడు. ఎందుకలా విదిలిస్తాడో ఎప్పుడైనా ఆలోచించారా? నేనైతే ఆలోచించలేదు. ఫైనలియర్ ప్రాజెక్టు రిపోర్టు బైండింగ్‌కి ఇవ్వాల్సిన రోజున ప్రింటర్ ఒకేసారి రెండు కాగితాలు లాక్కుని, గొంతుకు అడ్డం పడినట్టు ఆగిపోయినప్పుడు తొలిసారి ఆలోచించాను.

జిరాక్స్ అనేది ఒక కంపెనీ పేరు. మనకు మాత్రం అదొక పని పేరు. ఆ పని వెనకున్న పద్ధతిని కనిపెట్టిన మనిషి పేరు చెస్టర్ కార్ల్‌సన్. అతను ఏ పెద్ద ల్యాబ్‌లోనో తెల్లకోటు వేసుకుని దాన్ని కనిపెట్టలేదు. పగలంతా ఒక కంపెనీ పేటెంట్ విభాగంలో ఫైళ్లు చూసుకునేవాడు. కోర్ ఉద్యోగం రాక, సాఫ్ట్‌వేర్‌లో కుదరక, చేతికొచ్చిన ఏదో ఒక డెస్క్ ఉద్యోగంలో చేరాలా వద్దా అని ఊగిసలాడుతున్న వాళ్లు మీలో ఉంటే ఈ జీవితం కాస్త ఓపిగ్గా చదవండి.

కార్ల్‌సన్ 1906 ఫిబ్రవరి 8న అమెరికాలోని సియాటిల్‌లో పుట్టాడు. నాన్న మంగలి. ఆయనకు క్షయ, దానికి తోడు వెన్నెముక కీళ్లవాతం. పని చేయగలిగిన రోజులకన్నా మంచాన ఉన్న రోజులే ఎక్కువ. కుటుంబం కాలిఫోర్నియాలోని శాన్ బెర్నార్డినో ప్రాంతానికి చేరింది. కుర్రాడు ఎనిమిదేళ్లకే చిల్లర పనులు మొదలుపెట్టాడు. హైస్కూలుకొచ్చేసరికి ఇంటికి ప్రధాన సంపాదన అతనిదే. బడికి ముందు రెండు గంటలు పని, బడి అయ్యాక మళ్లీ పని. అతనికి 17 ఏళ్లప్పుడు అమ్మ కూడా క్షయతోనే పోయింది. ఆ తర్వాత తండ్రీకొడుకులు కొంతకాలం ఒకప్పుడు కోళ్లు పెంచిన షెడ్డులో బతికారు.

ఈ కష్టాల మధ్యే ఒక చిన్న సంగతి. హైస్కూలు రోజుల్లో ఒక ప్రింటింగ్ ప్రెస్‌లో పనిచేసి, కూలికి బదులు అక్కడి పాత అచ్చుయంత్రం తెచ్చుకున్నాడు. కెమిస్ట్రీ ఇష్టపడే కుర్రాళ్ల కోసం చిన్న పత్రిక వేద్దామని. అక్షరాలు ఒక్కొక్కటీ చేత్తో పేర్చాలి. రెండు సంచికలు దాటేసరికి ఓపిక అయిపోయింది. కాగితం మీద ఉన్నదాన్ని ఇంకో కాగితం మీదికి తేవడం ఇంత కష్టంగా ఎందుకుండాలన్న చికాకు అతనికి అప్పుడే పట్టుకుంది.

రివర్‌సైడ్ జూనియర్ కాలేజీలో కొన్ని వారాలు చదువు, కొన్ని వారాలు పని అనే పద్ధతి ఉండేది. అందులో చేరాడు. కెమిస్ట్రీ నుంచి ఫిజిక్స్‌కి మారాడు. అక్కడి నుంచి కాల్‌టెక్. 1930లో ఫిజిక్స్ డిగ్రీ చేతికొచ్చింది, దాంతోపాటు దాదాపు 1,400 డాలర్ల అప్పు కూడా. అవి ఆర్థిక మాంద్యం తొలి రోజులు. క్యాంపస్ డ్రైవ్ లేదు, పోర్టల్ లేదు. 82 కంపెనీలకు ఉత్తరాలు రాశాడు. జవాబిచ్చినవి రెండే. వాటిలోనూ ఉద్యోగం లేదు. మీ అప్లికేషన్ల సంఖ్య 82 దాటిందో లేదో ఒకసారి లెక్కేసుకోండి.

చివరికి న్యూయార్క్‌లోని బెల్ ల్యాబ్స్‌లో రీసెర్చ్ ఇంజినీరుగా చోటు దొరికింది. వారానికి 35 డాలర్లు. పేరు గొప్పదే గానీ రోజూ ఒకేరకం పని విసుగొచ్చింది. అక్కడే పేటెంట్ విభాగానికి మారి ఒక అటార్నీకి సహాయకుడయ్యాడు. 1933లో ఆ ఉద్యోగం కూడా పోయింది. కొన్ని వారాలు తిరిగి ఒక న్యాయసంస్థలో చేరాడు. ఏడాది తర్వాత పి.ఆర్.మలోరీ అనే కంపెనీకి మారాడు. తర్వాతి కాలంలో డ్యూరాసెల్ బ్యాటరీలు వచ్చింది ఈ కంపెనీ నుంచే. అక్కడ పేటెంట్ విభాగంలో మెల్లగా పైకొచ్చి దానికి అధిపతి అయ్యాడు.

పేటెంట్ విభాగమంటే ఏం చేస్తారని మీకు సందేహం రావొచ్చు. కంపెనీ ఇంజినీర్లు కొత్తగా ఏదైనా చేస్తే, ఇదే పని ఇంతకుముందు ఎవరైనా చేశారా అని పాత పేటెంట్లు వెతకాలి. చేయకపోతే, మనది ఎక్కడ కొత్తదో మాటల్లో రాయాలి. ఆ రాసిన భాగాన్ని క్లెయిమ్ అంటారు. అచ్చం పొలం దస్తావేజులో హద్దులు రాసినట్టు. హద్దు మరీ పెద్దదిగా రాస్తే పక్కవాడి పొలంలోకి పోతుంది, పేటెంట్ ఆఫీసు కొట్టేస్తుంది. మరీ చిన్నదిగా రాస్తే పోటీదారు ఆ హద్దు పక్కనుంచి నడిచి వెళ్లిపోతాడు. ఈ మధ్య గీతను గీయడమే ఆ ఉద్యోగం.

ఈ పనికి కాపీలు కావాలి. వివరణలు, పాత పేటెంట్లు, బొమ్మలు, అన్నీ పలు ప్రతులు ఉండాలి. అప్పట్లో దారులు రెండే. కార్బన్ కాగితం పెట్టి మళ్లీ టైపు చేయించి, తప్పులు పోయేదాకా చదివి సరిచూడటం. లేదంటే ఫోటోస్టాట్‌కి బయటికి పంపడం. అది ఖర్చు, ఆలస్యం. బొమ్మలుంటే కార్బన్ కాగితం పనికిరాదు కాబట్టి ఫోటోస్టాటే గతి. అదీగాక కార్ల్‌సన్‌కి చూపు సరిగా ఆనదు, నాన్నకున్న కీళ్లవాతం తనకూ మొదలైంది. 1936లో రాత్రిపూట న్యూయార్క్ లా స్కూల్‌లో చేరాడు. లా పుస్తకాలు కొనే స్థోమత లేక, న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీలో కూర్చుని పుస్తకాల్లోంచి చేత్తో ఎత్తి రాసుకునేవాడు. నడుంనొప్పి ఒకపక్క, వేళ్ల నొప్పి ఒకపక్క. కాపీ చేసే యంత్రం అవసరమని అతనికి ఏ మార్కెట్ సర్వే చెప్పాలి?

అదే లైబ్రరీలో సైన్సు పత్రికలు కూడా చదివేవాడు. ఫోటో తీసే రసాయనాల దారిలో కొడాక్‌లాంటి కంపెనీలు అప్పటికే మేటలు వేసుకుని ఉన్నాయని పేటెంట్లు చూసే మనిషికి వేరే చెప్పక్కర్లేదు. అందుకే ఆ దారి వదిలేశాడు. హంగరీ శాస్త్రవేత్త పాల్ షెలేని స్థిర విద్యుత్తుతో బొమ్మలు ముద్రించడం గురించి రాసిన వ్యాసం కంటపడింది. అక్కడినుంచి ఆలోచన సాగింది. కొన్ని పదార్థాలు చీకట్లో విద్యుత్తును ఆపుతాయి, వెలుగు పడితే పోనిస్తాయి. అలాంటి పూత వేసిన పలకకు స్థిర విద్యుత్ పట్టించి, దానిమీద కాగితం నీడ పడేలా వెలుగు వేస్తే? వెలుగు తగిలినచోట విద్యుత్ పోతుంది. అక్షరాల నీడ ఉన్నచోట నిలుస్తుంది. పొడి చల్లితే అక్కడే అంటుకుంటుంది. ఆ పొడిని కాగితం మీదికి దించి వేడిచేస్తే కాపీ. మీ షాపు మెషిన్ ఇవాళ్టికీ మూలంలో చేసేది ఇదే.

1937 అక్టోబరులోనే అతను ఈ ఆలోచన మీద తొలి పేటెంట్ దరఖాస్తు వేశాడు. చేతిలో ఒక్క కాపీ కూడా లేదు, గమనించండి. ప్రయోగం మాత్రం వంటింట్లో నడుస్తోంది. క్వీన్స్‌లోని అపార్టుమెంటులో పొయ్యి మీద గంధకం కరిగించి జింకు పలకకు పూసేవాడు. కుళ్లిన గుడ్ల కంపు మెట్లదాకా పాకేది. భార్య ఎల్సా ఎంత ఓర్చుకుందో మనం ఊహించుకోవాల్సిందే. చివరికి ఆస్టోరియాలో, కింద బార్ ఉన్న ఒక ఇంటి పైగదిలోకి మకాం మార్చాడు. ఆస్ట్రియా నుంచి వచ్చి ఉద్యోగం దొరకని ఓటో కోర్నీ అనే ఇంజినీరును కొద్దిపాటి జీతానికి పెట్టుకున్నాడు.

1938 అక్టోబర్ 22. ఒక గాజు పలక మీద ఇంకుతో 10-22-38 అనీ, ఆస్టోరియా అనీ రాశారు. గంధకం పూసిన జింకు పలకను జేబురుమాలుతో గట్టిగా రుద్దారు. గాజు పలకను దానిమీద పెట్టి కొన్ని సెకన్లు బల్బు వెలుగు వేశారు. లైకోపోడియం అనే మొక్క సన్నటి పొడి చల్లి, నోటితో ఊదారు. అక్షరాలు నిలిచాయి. మైనపు కాగితం అద్ది ఎత్తారు. తేదీ, ఊరు పేరు కాగితం మీదికి వచ్చేశాయి. తేదీ ఎందుకు రాశారంటారా? పేటెంట్ పనిచేసేవాడికి తేదీ విలువ తెలుసు, అని నేననుకుంటాను.

తర్వాతి ఆరేళ్లే ఈ కథలో చీకటి కాలం. కోర్నీకి నమ్మకం తగ్గి ఐబీఎమ్‌లో ఉద్యోగం చూసుకుని వెళ్లిపోయాడు. కార్ల్‌సన్ ఇరవైకి పైగా కంపెనీల తలుపులు తట్టాడు. ఐబీఎమ్, జనరల్ ఎలక్ట్రిక్, ఆర్‌సీఏ, కొడాక్... ఎవరికీ పట్టలేదు. మసకమసక అక్షరాలున్న మైనపు కాగితం చూపిస్తే ఎవరికి నమ్మకం కలుగుతుంది? ఇంట్లోనూ ఎడం పెరిగింది, 1945లో విడాకులయ్యాయి. ఇంత జరుగుతున్నా పేటెంట్ పని మాత్రం ఆపలేదు. 1939 ఏప్రిల్‌లో వేసిన ప్రధాన దరఖాస్తుకు 1942 అక్టోబర్ 6న పేటెంట్ వచ్చింది. నంబరు 22,97,691. ఈలోగా 1940లో ఇంకో దరఖాస్తు వేశాడు. రుమాలుతో రుద్దడం, చేత్తో పొడి చల్లడం ఏమీ లేకుండా, మొత్తం పని యంత్రమే చేసుకునే డిజైన్. దానికి 1944లో పేటెంట్ దక్కింది. అదే డిజైన్‌తో పనిచేసే నమూనా చేయించబోతే మాత్రం కుదరలేదు. కాగితం మీద నడిచిన యంత్రం గదిలో నడవలేదు.

కాగితం లాగడం అంత తేలికా?

కాపీ యంత్రంలో బొమ్మ తయారవడం ఒక ఎత్తు, కాగితాన్ని ఒక్కటంటే ఒక్కటే లాగి, వంకర పోకుండా, సమయానికి తెచ్చి పెట్టడం ఇంకో ఎత్తు. ఇప్పటి చిన్న ప్రింటర్లలో ఇది చేసే సామాన్య పద్ధతి చూడండి. పైన రబ్బరు రోలర్, కింద ఒక ప్యాడ్. రోలర్ పై కాగితాన్ని ముందుకు లాగుతుంది. దాని కిందిది కూడా తగులుకుని వస్తే ప్యాడ్ ఆపుతుంది. ఇది జరగాలంటే రోలర్‌కూ కాగితానికీ మధ్య రాపిడి అన్నిటికంటే ఎక్కువ ఉండాలి. కాగితానికీ ప్యాడ్‌కీ మధ్య దానికంటే తక్కువ. కాగితానికీ కాగితానికీ మధ్య అన్నిటికంటే తక్కువ. ఈ వరుస తప్పితే రెండు కాగితాలొస్తాయి, లేదా ఒక్కటీ రాదు. వర్షాకాలంలో తేమ పట్టినా, ఎండాకాలంలో కాగితాలు స్థిర విద్యుత్తుతో అతుక్కున్నా, రోలర్ అరిగినా వరుస మారిపోతుంది. షాపాయన కట్టను విదిలించేది అతుక్కున్న కాగితాల మధ్య గాలి దూరాలనే.

ఇప్పుడు మీరొక పేటెంట్ ఎగ్జామినర్ అనుకోండి. ఒక కంపెనీ దరఖాస్తు మీ టేబుల్ మీదికి వచ్చింది. కాగితం మందాన్ని బట్టి ప్యాడ్ ఒత్తిడిని మార్చే ఏర్పాటు తమదని క్లెయిమ్. మీరు ముందు వెతకాలి. ప్రపంచంలోని పేటెంట్లన్నీ వర్గాలుగా సర్ది ఉంటాయి. పలచటి షీట్లను లాగడం, విడదీయడం బి65హెచ్ వర్గం. ప్రింటర్లు బి41జె. కార్ల్‌సన్ విద్య మొత్తం జి03జి. వెతుకుతుంటే ప్యాడ్ ఒత్తిడిని స్ప్రింగుతో మార్చే పాత పేటెంట్ ఒకటి, కాగితం మందాన్ని కొలిచే సెన్సర్ ఉన్న పేటెంట్ మరొకటి దొరికాయి. రెంటినీ కలిపితే ఈ క్లెయిమ్ వచ్చేస్తుందా? ఆ రంగంలో మామూలు నైపుణ్యం ఉన్న ఇంజినీరుకు అలా కలపాలని సహజంగానే తోస్తుందా? తోస్తుందంటే అందులో కొత్త మెట్టు లేనట్టు. తోయదు, కలిపితే మామూలుగా ఊహించని ఫలితం వస్తోంది అంటే ఉన్నట్టు. మీ ఒక్క జవాబు మీద ఒక కంపెనీ పెట్టుబడి, దాని పోటీదారుల దారి రెండూ ఆధారపడతాయి. అన్యాయంగా ఇచ్చేస్తే అందరికీ చెందాల్సిన రోలర్ ఒకరి సొత్తవుతుంది. అన్యాయంగా కాదంటే ఇంకో కార్ల్‌సన్ ఖాళీ చేతులతో తలుపులు తట్టాలి.

కార్ల్‌సన్ ఆ టేబుల్‌కి ఇటువైపు కూర్చున్నవాడు. అటువైపువాళ్లు ఏం అడుగుతారో రోజూ చూసినవాడు. కాబట్టి తన క్లెయిములను విశాలంగా, కానీ నిలిచేలా రాసుకోగలిగాడు. చేతిలో యంత్రం లేకపోయినా అమ్మడానికి హక్కు ఉంది. 1944లో అదే పనికొచ్చింది. ఒహాయోలోని బాటెల్ అనే పరిశోధన సంస్థ ఇంజినీరు ఒకాయన వేరే పేటెంట్ పని మీద మలోరీకి వచ్చాడు. మాటల్లో కార్ల్‌సన్ తన పేటెంట్ సంగతి కదిపాడు. ఇరవైకి పైగా గుమ్మాలు ఎక్కి దిగితే కాని పని, తన డెస్క్ దగ్గరికి వచ్చిన మనిషితో అయింది. బాటెల్ ఒప్పందం రాసుకుంది. అక్కడి శాస్త్రవేత్తలు గంధకం బదులు సెలీనియం వాడారు, మంచి పొడి తయారుచేశారు. రోచెస్టర్‌లో ఫోటో కాగితం చేసుకునే హాలాయిడ్ అనే చిన్న కంపెనీ 1947లో లైసెన్సు తీసుకుంది. దాని అధిపతి జో విల్సన్. కంపెనీ పెట్టుబడి మొత్తం దీనిమీదే ఒడ్డినంత పనిచేశాడు. పొడి రాత అనే అర్థం వచ్చేలా గ్రీకు మాటలు కలిపి జిరోగ్రఫీ అని పేరు పెట్టారు. 1948 అక్టోబర్ 22న, ఆస్టోరియా గదికి సరిగ్గా పదేళ్లకు, లోకానికి చూపించారు.

1949లో వచ్చిన తొలి యంత్రంతో ఒక కాపీకి 39 అంచెలు. ఆఫీసుల్లో ఎవరూ ముట్టుకోలేదు. ఇంకో పదేళ్లు పట్టింది. 1959 సెప్టెంబర్ 16న న్యూయార్క్‌లోని ఒక హోటల్లో 914 మోడల్ బయటికొచ్చింది. 9 అంగుళాలు, 14 అంగుళాల కాగితం దాకా తీసుకుంటుంది కాబట్టి ఆ పేరు. బరువు దాదాపు 294 కిలోలు. నిమిషానికి ఏడు కాపీలు. ప్రదర్శనకు తెచ్చిన రెండింట్లో ఒకటి మంటలంటుకుంది! పొడిని కాగితానికి అతికించేది వేడి. కాగితం ఆ వేడి దగ్గర ఇరుక్కుంటే మాడుతుంది. బొమ్మను కాగితం మీదికి లాగడానికి వాడే విద్యుత్తే కాగితాన్ని డ్రమ్ముకు అతికిస్తుంది కూడా, కాబట్టి ఇరుక్కునే అవకాశం ఈ పద్ధతిలోనే ఉంది. కంపెనీ యంత్రంతోపాటు ఒక చిన్న మంటలార్పే పరికరం ఇచ్చి, దానికి మాడు నివారిణి అనే అర్థం వచ్చే ముద్దుపేరు పెట్టింది. మార్కెటింగ్ వాళ్లకు దండం పెట్టాలి.

ఇక్కడ ఒక లెక్క చూడండి. అప్పటి అమెరికా చట్టంలో పేటెంట్ ఆయుష్షు మంజూరు తేదీ నుంచి 17 ఏళ్లు. 1942 అక్టోబర్‌కి 17 కలిపితే 1959 అక్టోబర్. యంత్రం బయటికొచ్చిన మూడు వారాలకే మూల పేటెంట్ గడువు ముగిసింది! మరి కంపెనీని కాపాడిందేమిటి? ఆ తర్వాత సెలీనియం మీద, పొడి మీద, యంత్రంలోని భాగాల మీద ఒకటొకటిగా తీసుకున్న పేటెంట్లు. అందుకే గొప్ప ఆలోచన పేటెంట్‌కన్నా ఒక్కోసారి రోలర్ పేటెంటే ఎక్కువ కాలం అన్నం పెడుతుంది. 1961లో కంపెనీ పేరు జిరాక్స్ కార్పొరేషన్‌గా మారింది. 1959లో దాదాపు 3.2 కోట్ల డాలర్లున్న ఆదాయం 1968లో 100 కోట్ల డాలర్లు దాటింది. 1969లో ఆ కంపెనీ ఇంజినీరు గ్యారీ స్టార్క్‌వెదర్ అదే పద్ధతికి లేజర్ కలిపి లేజర్ ప్రింటర్‌కి దారి వేశాడు. అప్పటికి కార్ల్‌సన్ లేడు.

మన దగ్గర ఈ ఉద్యోగం ఎలా ఉంటుందని అడిగేవాళ్ల కోసం కొంచెం చెప్తాను. భారత పేటెంట్ ఆఫీసుకు కోల్‌కతా, ఢిల్లీ, ముంబయి, చెన్నైలో కార్యాలయాలున్నాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ దరఖాస్తులు చెన్నై పరిధిలోకి వస్తాయి. ఎగ్జామినర్ ఆఫ్ పేటెంట్స్ అండ్ డిజైన్స్ అనేది గ్రూప్-ఎ గెజిటెడ్ పోస్టు. పోస్టులు బ్రాంచిల వారీగా ఉంటాయి కాబట్టి మీ డిగ్రీ సరిపోతుందో లేదో నోటిఫికేషన్‌లో చూసుకోవాలి. ఎగ్జామినర్ అభ్యంతరాలు ఫస్ట్ ఎగ్జామినేషన్ రిపోర్టుగా వెళ్తాయి, దరఖాస్తుదారుకు జవాబివ్వడానికి ఆరు నెలలుంటాయి. టేబుల్‌కి ఇటువైపు కూర్చోవాలనుకుంటే పేటెంట్ ఏజెంట్ పరీక్ష ఉంది. 21 ఏళ్లు నిండి, సైన్స్ లేదా ఇంజినీరింగ్ డిగ్రీ ఉన్న భారత పౌరులు రాయొచ్చు. లా డిగ్రీ అక్కర్లేదు. మా బ్యాచ్‌లో ఒకడు ఇలాంటి కొలువులో చేరితే కాగితాల ఉద్యోగమని నవ్వాం. వాడు ఇప్పుడు నా కోడ్‌కన్నా ఆసక్తికరమైనవి రోజూ చదువుతున్నాడు. ఐన్‌స్టీన్ కూడా 1902 నుంచి 1909 దాకా బెర్న్‌లో చేసింది పేటెంట్లు పరీక్షించే పనే, అది మీకు తెలిసే ఉంటుంది.

కార్ల్‌సన్ చివరి కథ చిన్నదే. డబ్బు వచ్చింది, బోలెడంత. రెండో భార్య డోరిస్‌తో రోచెస్టర్ దగ్గర ఆర్భాటం లేకుండా బతికాడు. సంపాదించిన దాదాపు 15 కోట్ల డాలర్లలో 10 కోట్ల దాకా ఇచ్చేశాడంటారు. నల్లజాతి విద్యార్థుల చదువులకు, పరిశోధన సంస్థలకు, శాంతి కోసం పనిచేసేవాళ్లకు, చాలావరకు పేరు బయటికి రాకుండా. భారతీయ వేదాంతం మీదా, బౌద్ధం మీదా ఆసక్తి పెంచుకున్నాడు. 1968 సెప్టెంబర్ 19న న్యూయార్క్‌లో ఒక పని చూసుకుని, మధ్యలో ఖాళీ దొరికితే సినిమాకెళ్లాడు. ఆట అయ్యాక సీట్లోంచి లేవలేదు. నిద్రపోతున్నాడనుకుని థియేటర్ మనిషి లేపబోతే తెలిసింది. 62 ఏళ్లు.

అతని 1942 పేటెంట్‌ను గూగుల్ పేటెంట్స్‌లో ఉచితంగా చదవొచ్చు. నంబరు పైన ఇచ్చాను. ముందు బొమ్మలు చూడండి, తర్వాత చివరికెళ్లి మొదటి క్లెయిమ్ చదవండి. రెండుసార్లు చదివితే గానీ అర్థం కాదు. నాకు మూడుసార్లు పట్టింది.